ముసలోళ్లను డాక్టర్ దగ్గరికి తీస్కపోయే ముందు కుర్చీల నుంచి ఎట్ల లేస్తున్నరో చూడుండ్రి

నేను ఫిజియోథెరపీ చేస్త, ఉండేది హన్మకొండల, ఎక్కువగ ఇండ్లకు పోయి చేస్త. కాజీపేట, వడ్డేపల్లి, నయీంనగర్ దిక్కు అపార్ట్‌మెంట్లు, అటు పరకాల, ఆత్మకూరు దిక్కు ఊర్లు. నా దగ్గర ఎక్కువమంది అరవై దాటినోళ్లే. వాళ్ల ఇంట్ల అడుగు పెట్టంగనే ఎవరో ఒకరు అనే మాట ఒకటుంటది, "ఏం లేదమ్మా, వయసు మీద పడ్డది" అని. కింద పడితే వయసు, మతిమరుపు వస్తే వయసు, బువ్వ తినకపోతే వయసు, మూత్రం ఆగకపోతే వయసు. కొడుకులు అంటరు, కోడండ్లు అంటరు, ఆఖరికి ఆ పెద్దమనిషి కూడ అదే అనుకుంటది. నాకైతే ఆ మాట వింటే పాణం తరుక్కపోతది, ఎందుకంటే అదే ఈడున్న పక్కింటామె పొద్దుగాల్నే భద్రకాళి గుడికి నడిసి పోయొస్తది. వయసే కారణమైతే ఇద్దరికీ రావాలె గదా.

ఇంకో దిక్కు చూస్తే, కొడుకు అమెరికాల ఉంటడు, ఆన్‌లైన్ల ఫుల్ బాడీ చెకప్ బుక్ చేస్తడు, పిల్లగాడు ఇంటికొచ్చి రక్తం తీస్కపోతడు, సాయంత్రానికి వాట్సాప్ల ఇరవై పేజీల రిపోర్ట్ వస్తది. కొడుకుది ప్రేమే, కాదనను. కని ఆ ఇరవై పేజీలల్ల అమ్మ తానం తనంతట తను చేస్తుందా, పోయినేడాది ఎన్నిసార్లు కింద పడ్డది, ఎదురుంగ కూసున్న మనిషి మాట ఇనబడుతుందా, రోజూ ఏం తింటుంది అన్నది ఒక్క ముక్క ఉండది. పెద్దోళ్లకు అసలు చెకప్ అదే. ముసలితనం వైద్యం చదివిన డాక్టర్లు దానికి జెరియాట్రిక్ అసెస్‌మెంట్ అంటరు, మనిషిని మొత్తం చూసుడు అన్నట్టు: రోగాలు, గోలీలు, నడక, మతి, మనసు, కండ్లు, చెవులు, తిండి, ఇంట్ల చూసేటోళ్లు ఎవరున్నరు, అన్నీ కలిపి.

ఇది కొత్త ముచ్చట కూడ కాదు. 1935ల లండన్ దిక్కు వెస్ట్ మిడిల్‌సెక్స్ హాస్పిటల్ల మార్జరీ వారెన్ అని డాక్టరమ్మ ఉండె, ఆమెకు పక్క వార్డులల్ల ఏండ్ల సంది మంచాలకు అతుక్కపోయిన వందల మంది ముసలోళ్లను అప్పజెప్పిండ్రు. ఇగ వీళ్లకు చేసేదేం లేదని అంతకుముందు వదిలేసినోళ్లే వాళ్లంత. ఆమె ఒక్కొక్కరినీ మళ్ల మొదటి నుంచి చూసింది, రోగం పట్టుకుంది, మంచం దించి నడిపించింది, చానామంది ఇండ్లకు పోయిండ్రు. చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, ఎందుకంటే మంచం దించుడే గదా నా పని కూడ.

సరే, కుర్చీ సంగతి చెప్త. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టుండ్రి, పెద్దమనిషిని కూసోబెట్టి చేతులు ఛాతి మీద కట్టుకొని ఐదు సార్లు లేసి కూసోమనుండ్రి, మీరు పక్కనే నిలబడుండ్రి పడకుండ. 14 సెకండ్ల లోపట అయిపోతే కాళ్లల్ల సత్తువ ఉన్నట్టు, అంతకన్న ఎక్కువ పడితే, లేకపోతే చేతులు ఆనించకుండ లేవనే లేకపోతే, ఆ మనిషిని మంచిగ చూపెట్టాల్సిన టైం వచ్చినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊర్లల్ల ఆరోగ్య కార్యకర్తలకు చెప్పిన పరీక్షే ఇది, దీనికి మిషిన్ అక్కర్లేదు, పైసలు అక్కర్లేదు. ఇంకోటి, కుర్చీల నుంచి లేసి 3 మీటర్లు నడిసి తిరిగొచ్చి కూసునుడు, రోజూ నడిసే తీర్గనే, ఉరకొద్దు. 12 సెకండ్లు, ఆపైన పడితే కిందపడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. నేనైతే టైం కన్న ఎక్కువ చూసేది మళ్లేటప్పుడు. మళ్లేటప్పుడు గోడ పట్టుకుంటరు కొందరు, కొందరు చిన్న చిన్న అడుగులు చానా ఏసి మళ్లుతరు, చెయ్యి ఊగది, అట్లుంటే పార్కిన్సన్ (నడక మందగించి చేతులు వణికే నరాల రోగం) ఏమన్న ఉందా అని న్యూరో డాక్టర్కు చూపెట్టుమంట.

కిందపడుడు గురించి మనోళ్లకు భయం తక్కువ. తుంటి బొక్క విరిగినోళ్లల్ల ఐదుగురిల ఒకరన్న ఏడాది లోపల చనిపోతున్నరని చానా దేశాల లెక్కలు చెప్తున్నయ్, బతికినోళ్లల్ల గూడ చానామంది మునుపటి తీర్గ నడవరు. ఆపరేషన్ వద్దు పసరు కట్టు కట్టిద్దాం అని మంచంల పండబెడ్తరు కొందరు, అప్పుడు పుండ్లు పడ్తయ్, ఊపిరితిత్తులల్ల నెమ్ము చేరుతది. అందుకే ఒక్కసారి ఊరికే జారి పడ్డా, దెబ్బ తాకకపోయినా సరే, ఎందుకు పడ్డదో తెల్సుకోవాలె.

ఎందుకు పడ్తరు అంటే, ఆత్మకూరు దిక్కు ఒక అవ్వ ముచ్చట చెప్త. రాత్రి మూత్రానికి లేసినప్పుడే పడేది, పగలు మంచిగుండేది. ఇంటోళ్లు కండ్ల చీకటి అనుకున్నరు. నేను బీపీ మిషిన్ తీసి, పండుకున్నప్పుడు ఒకసారి చూసిన, లేపి నిలబెట్టి ఒక నిమిషానికి, మల్ల మూడు నిమిషాలకు చూసిన. పండుకున్నప్పుడు పై నంబర్ 150 ఉంటే నిలబడంగ 118కి దిగింది. నిలబడితే పై నంబర్ 20, లేకపోతే కింది నంబర్ 10 తగ్గితే అది రోగం కిందనే లెక్క. అవ్వకు బీపీ గోలీ డోసు ఎక్కువైంది. ఎప్పుడు బీపీ చూసినా కూసోబెట్టి చూసిండ్రు, కూసుంటే ఎక్కువే ఉండె మరి, అందుకని గోలీ పెంచుకుంట పోయిండ్రు. ఈ సంగతి రాసిచ్చి డాక్టర్ దగ్గరికి పంపితే ఆయన గోలీ మార్చిండు, అటెన్క రాత్రి లేసేముందు మంచం అంచుకు కూసొని కాళ్లు ఊపుకొని లేసుడు నేర్పిన. తాతలకైతే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం సరిగ రాకపోతే ఇచ్చే టామ్సులోసిన్ గోలీతో కూడ గిట్లనే బీపీ పడిపోతది కొందరికి. కాబట్టి డాక్టర్ దగ్గర మొహమాటపడకుండ అడుగుండ్రి, "సార్ ఒకసారి నిలబెట్టి చూడుండ్రి" అని.

ఇప్పుడు అసలు ముచ్చట, గోలీల సంచి. నేను ఏ ఇంటికి పోయినా మొదలు అడిగేది అదే. అల్మారాలది, ఫ్రిజ్ మీదిది, దిండు కిందిది, అన్నీ తెచ్చి మంచం మీద పొయ్యిండ్రి అంట. బీపీకి ఒక డాక్టర్, షుగర్‌కు ఒకరు, మోకాళ్లకు ఒకరు, నిద్రకు మెడికల్ షాపాయన, నొప్పులకు ఊర్లె ఆర్ఎంపీ. ఒకరు రాసింది ఇంకొకరికి తెల్వది. పేర్లు వేరైనా లోపట మందు ఒకటే ఉన్న రెండు షీట్లు మస్తు ఇండ్లల్ల కనబడ్తయ్, పొద్దున ఒకటి రాత్రి ఒకటి ఏసుకుంటరు పాపం.

షుగర్ గోలీలల్ల గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ అసొంటివి పెద్దోళ్లల్ల జాగ్రత్తగ చూడాలె. శనివారం ఒక్కపొద్దు ఉంటది, గోలీ మాత్రం ఏసుకుంటది, పగటికల్ల షుగర్ 70 కంటె కిందికి దిగుతది. వయసుల ఉన్నోళ్లకు చెమటలు పడ్తయ్, వణుకు వస్తది, పెద్దోళ్లకు అవన్నీ రాకపోవచ్చు, ఉత్తగ మబ్బుగ ఉంటది, తికమక మాట్లాడ్తది, పండుకుంటది, ఇంటోళ్లు ఎండకు అలిసింది అనుకుంటరు. మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గి కాళ్లు తిమ్మిర్లు, నడక తూలుడు రావొచ్చు, అది ఒక రక్తపరీక్షల తెలుస్తది. బీపీ గోలీ పేరెనక హెచ్ అని ఉంటే దాంట్ల హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటది, అది కొందరు పెద్దోళ్లల్ల రక్తంల సోడియం తగ్గిస్తది, 135 నుంచి 145 మధ్యల ఉండాల్సింది మస్తు తగ్గిందంటే మనిషి తూలుతది, మతి తప్పుతది, ఫిట్స్ కూడ వస్తయ్. జలుబుకు షాపుల ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్ గోలీ, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, ఇవి ప్రోస్టేట్ పెరిగిన తాతలకు మూత్రం బంద్ చెయ్యొచ్చు, మతిని కూడ తికమక పెడ్తయ్. నిద్ర గోలీ అల్ప్రాజోలం ఏసుకున్నోళ్లు రాత్రి లేసి పడ్తరు.

నొప్పి గోలీల గురించైతే నాకు చెప్పి చెప్పి నోరు నొస్తది. కరీంనగర్, జగిత్యాల దిక్కు బీడీలు చుట్టి చుట్టి నడుములు వంగిన అమ్మలు, నాట్లేసి కలుపు తీసి మోకాళ్లు అరిగిన అమ్మలు, వాళ్ల నొప్పి నిజం, దాన్ని నేను తక్కువ చెయ్య. కని డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ రోజూ మింగితే కిడ్నీలు దెబ్బ తింటయ్, బీపీ పెరుగుతది, కడుపుల పుండై రక్తం పోతది. ఊర్లె వేసే సూదిల ఒక్కోసారి డెక్సామెథసోన్ కలుస్తది, అది స్టెరాయిడ్. రెండు రోజులు రెక్కలొచ్చినట్టు తిరుగుతది, షుగర్ పెరుగుతది, మాటిమాటికి వేయించుకుంటే బొక్కలు గుల్లయితయ్. తొడ కండ బలపడే ఎక్సర్‌సైజులు, కర్ర, కొంచెం బరువు తగ్గుడు, పారాసిటమాల్ లెక్క ప్రకారం, వీటితోని చానామందికి నడక బాగుపడ్తది, టైం పడ్తది అంతే. మళ్ల చెప్తున్న, సంచిల నుంచి ఏ గోలీ కూడ మీ అంతట మీరు బంద్ చెయ్యొద్దు, కొన్ని ఒక్కసారి ఆపితే ప్రమాదం. సంచి మొత్తం ఒకే డాక్టర్ ముందు పెట్టి, వీటిల ఏది తియ్యొచ్చు అని అడుగుండ్రి. కొత్తది రాయించుకునుడు కన్న పాతది తీపిచ్చుడు మీద పట్టు పట్టుండ్రి.

మతి గురించి. ఇక్కడ ఒక్క ప్రశ్న పాణం కాపాడ్తది: ఎప్పటి సంది? నిన్నమొన్నటి దాక మంచిగున్న మనిషి రెండు రోజుల సంది వేరే తీర్గ మాట్లాడ్తుంది, చచ్చిపోయినోళ్లు కనబడ్తున్నరంటది, పగలు పండుకొని రాత్రంత లేస్తది అంటే అది డెలీరియం, గాలి సోకుడు కాదు, ముసలి చాదస్తం కాదు. మూత్రంల ఇన్‌ఫెక్షన్, నెమ్ము, సోడియం తగ్గుడు, షుగర్ పడిపోవుడు, మూత్రం ఆగిపోయి కడుపు ఉబ్బుడు, మలబద్ధకం, కొత్త గోలీ, ఏదన్న కావొచ్చు. జ్వరం ఉండాలని లేదు, పెద్దోళ్లకు నిమోనియా వచ్చినా ఒళ్లు కాలకపోవచ్చు. తాయెత్తు కట్టిస్తే కట్టించుకోండ్రి, మీ నమ్మకం మీది, కని అదే రోజు దవాఖానకు తీస్కపోండ్రి. కారణం దొరికితే చానామంది మళ్ల మామూలు అయితరు.

ఏండ్ల మీద మెల్లమెల్లగ వచ్చే మతిమరుపు రోగం డిమెన్షియా. దాన్ని చూసే పద్ధతి మూడు మాటలు చెప్పి, పువ్వు, తలుపు, బియ్యం అనుకోండ్రి, కొద్దిసేపైనంక మళ్ల అడుగుడు, ఈరోజు ఏ తారీకు, మనం ఎక్కడున్నం అని అడుగుడు. గడియారం బొమ్మ గీపిస్తరు కొందరు డాక్టర్లు, బడి మొఖం చూడని మా అవ్వలకు పెన్ను పట్టుడే రాదు, వాళ్లను ఆ బొమ్మ మీద తేల్చొద్దు. వాళ్లను అడగాల్సింది వేరే, కూరగాయలకు పోతే చిల్లర లెక్క తప్పుతుందా, ఉప్పు రెండుసార్లు ఏస్తుందా, తెలిసిన గల్లీల తొవ్వ తప్పుతుందా. బతుకమ్మ పాట ఎక్కడా తప్పకుండ పాడే అవ్వ పొద్దున తిన్నది యాదికి లేదంటది, పాత యాది చానా రోజుల దాక ఉంటది, దాన్ని చూసి "మా అమ్మకు మతి మస్తుంది" అనుకోవద్దు. అప్పుడు మన హైదరాబాద్ నిమ్స్‌ల ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి వాళ్లు 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూసి 2013ల అచ్చేసిండ్రు, రెండు భాషలు మాట్లాడేటోళ్లకు ఒక్క భాషోళ్ల కన్న సగటున నాలుగున్నరేండ్లు ఆలస్యంగ వచ్చిందట, చదువు రానోళ్లల్ల కూడ ఆ తేడా కనబడ్డది. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడుకుంట పెరిగిన మా వరంగల్ పాత బజారోళ్లకు ఇది చెప్తే మస్తు సంబురపడ్తరు. ఇంకో మాట, మతిమరుపు అనగానే డిమెన్షియా అని ఖాయం చేసుకోవద్దు, థైరాయిడ్, బీ12, మనాది (డిప్రెషన్), చెవుడు, ఇవి చూపెట్టుకున్నంకనే.

చెవుడు అంటే గుర్తొచ్చింది. అడిగినదానికి వేరే జవాబు చెప్తుందంటే ముందు చెవి చూపెట్టుండ్రి, కొన్నిసార్లు గుబిలి నిండి ఉంటది అంతే. ఎనక నిలబడి చెయ్యి చాచినంత దూరంల నాలుగు మాటలు గుసగుసగ చెప్పి తిరిగి చెప్పమనుండ్రి. కండ్లల్ల శుక్లాలు ఉంటే ఆపరేషన్ చేపిస్తే పడుడు కూడ తగ్గుతది. పండ్లు ఊడినోళ్లు మెత్తటి అన్నం, చాయ్, బిస్కెట్ మీద బతుకుతరు, కండ కరుగుతది, షుగర్ పెరుగుతది. మూడు నెలలల్ల మూడు కిలోలు తగ్గినా, జాకెట్లు వదులైనా ఊరుకోవద్దు, తిండి సంగతి, రోగం సంగతి రెండూ చూపెట్టాలె. గుడ్డు, పప్పు, పెరుగు మెత్తగ చేసి పెట్టొచ్చు.

మూత్రం ఆగకపోవుడు ఎవ్వరూ చెప్పని బాధ. దగ్గితే, తుమ్మితే పడ్తది, బాత్రూంకు చేరే లోపు పడ్తది, కోడలుకు చెప్పుకోరు, కొడుకుకు అసలే చెప్పరు. ఏం చేస్తరు, నీళ్లు తాగుడు తగ్గిస్తరు, పెండ్లిండ్లకు పోవుడు బంద్ చేస్తరు, మేడారం జాతరకు ఎప్పుడూ ముందుండే మనిషి ఈసారి నాకు ఓపిక లేదంటది. నీళ్లు తగ్గితే ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, మళ్ల అదే బాధ ఎక్కువైతది. దీనికి మందులున్నయ్, కింది కండరాలు బిగబట్టే ఎక్సర్‌సైజులున్నయ్, చానామందికి తగ్గుతది. ఆడపిల్లలు పక్కకు తీస్కపోయి మెల్లగ అడుగుండ్రి, అమ్మలు ఆడపిల్లలకు చెప్తరు.

మనాది కూడ గట్లనే. ముసలామె చనిపోయినంక ముసలాయన నాలుగు నెలలల్ల సగమైతడు. సింగరేణిల పని చేసి రిటైర్ అయిన ఒక బాపు నాతోని అన్నడు, బాయి దిగినన్ని రోజులు చావంటే భయం లేదు బిడ్డా, ఇప్పుడు పొద్దుందాక ఎవ్వలతోని మాట్లాడాలె అని. రెండు వారాలుగ మనసు బాలేదా, ఇంతకుముందు ఇష్టమైన వాటి మీద మనసు పోతలేదా, ఈ రెండు అడగాలె. అవునంటే డాక్టర్కు చెప్పాలె, ఇది కూడ వైద్యంతోని తగ్గే రోగమే. చచ్చిపోతే బాగుండు అన్న మాట పెద్దోళ్లు ఊరికే అంటరని తోసెయ్యొద్దు.

ఎక్కడికి పోవాలె అని అడుగుతరు చానామంది. ముసలోళ్ల డాక్టర్లు మనకు తక్కువ, మంచి జనరల్ ఫిజీషియన్ ఒక్కరిని పట్టుకొని అన్నీ ఆయనకే చూపెట్టుడు నయం. కేంద్రం 2010-11ల ముసలోళ్ల ఆరోగ్యానికి ఎన్‌పీహెచ్‌సీఈ అని ప్రోగ్రాం పెట్టింది, దాని కింద జిల్లా ఆసుపత్రులల్ల పది పడకల వార్డు ఉండాలె. 2007 సీనియర్ సిటిజన్స్ చట్టంల సర్కారు దవాఖానలల్ల పెద్దోళ్లకు వేరే లైను ఉండాలని రాసి ఉంది, వరంగల్ ఎంజీఎం దవాఖానకు పోయినా, జిల్లా దవాఖానకు పోయినా అడిగే హక్కు మనకుంది, గంటలు గంటలు నిలబెట్టకుండ్రి. పీహెచ్‌సీల రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నోస్టిక్స్‌ల పైసలు లేకుండ పరీక్షలు చేస్తరు, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), థైరాయిడ్ అసొంటివి అక్కడ రాపించుకోవచ్చు. 70 దాటినోళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, 2024 అక్టోబర్ల మొదలైంది, ఆదాయంతోని పని లేదు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాక, కని అడ్మిట్ అయితేనే, ఓపీకి రాదు. ఇంట్ల ఎవ్వరూ చూస్తలేరు, కొడ్తున్నరు, ఆస్తి రాపిచ్చుకొని ఎళ్లగొట్టిండ్రు అంటే 14567కి ఫోన్ చెయ్యుండ్రి, పెద్దోళ్ల హెల్ప్‌లైన్ అది.

డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు గోలీల సంచి, కళ్లద్దాలు, చెవి మిషిన్, ఆర్నెల్లల్ల పడ్డ లెక్క, బరువు లెక్క, ఇవి తీస్కపోండ్రి. ఇంకోటి, పెద్దమనిషిని మాట్లాడనియ్యుండ్రి. డాక్టర్ అమ్మను అడుగుతడు, జవాబు కొడుకు చెప్తడు, వీడియో కాల్ల బిడ్డ చెప్తది, అమ్మ కుర్చీల ఊరికే కూసుంటది. పరకాల దిక్కు ఒకమ్మకు డెబ్బై ఎనిమిదేండ్లు, కొడుకుకు ఆమె షుగర్ నంబర్ మీదనే దిగులు, మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) ఏడు కంటె కిందికి రావాలె, ఇంకో గోలీ పెంచుమని ఫోన్ మీద ఫోన్. అమ్మను నీకేం కావాలమ్మా అంటే, పండుగకు కింద కూసొని బతుకమ్మ పేర్చాలె బిడ్డా, ఎవ్వలు లేపకుండ లేవాలె అన్నది. మేము ఎత్తు పీట నుంచి మొదలు పెట్టి, పీట తగ్గించుకుంట, ఒక మోకాలి మీద ఆనుకొని లేసుడు నేర్చుకున్నం. డాక్టర్ సాబ్‌కు ఈ సంగతి ఆమెనే చెప్పింది. ఆయన రిపోర్ట్ చూసి, ఈ వయసుల ఏడున్నర ఉంటే చాలు, ఇంకా తగ్గిస్తే కళ్లు తిరిగి పడ్తది అని కొడుకుకు ఫోన్ల చెప్పి గ్లిమెపిరైడ్ తీసేసిండు.